తీగ లేని కాంతివారధి: ఒకే సంస్థకు చెందిన కర్మాగారాల అనుసంధానం – పరిశీలన

వ్యాససంగ్రహం

ఒకే ఉత్పత్తి సంస్థకు చెందిన కర్మాగారం, గిడ్డంగి, కార్యాలయం వేరువేరు ఆవరణల్లో ఉన్నప్పుడు వాటి మధ్య సమాచార మార్గాన్ని ఏర్పాటు చేయడం క్లిష్టమైన సమస్య. నేలలో తంతువు వేయడానికి వీలుకాని చోట సన్నని పరారుణ కాంతిపుంజాన్ని గాలిలో పంపి రెండు భవనాలను కలిపే పద్ధతి ఒకటి ఉంది. ఆ పద్ధతి చారిత్రక నేపథ్యాన్ని, పనిచేసే తీరును, వాతావరణం దానికి విధించే హద్దులను, కర్మాగారంలో దానిని అమర్చేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ విషయాన్ని తెలుగులో బోధించేటప్పుడు ఎదురయ్యే కొన్ని పరిభాషా సమస్యలను కూడా చివర చర్చిస్తున్నాను.

కీలకపదాలు: కాంతి లంకె, పరారుణ కాంతి, దృష్టిరేఖ, దృశ్యత, క్షీణత, పొగమంచు, మిణుకు, లభ్యత, పరిభాష.

1. ఉపోద్ఘాతం

ఉత్పత్తి సంస్థలు ఒక్కసారిగా పెరగవు. మొదట ఒక షెడ్డుతో మొదలైన సంస్థ కొన్నేళ్లకు రోడ్డు అవతల మరో స్థలం కొంటుంది. రైలుపట్టాల అవతల గిడ్డంగి కడుతుంది. కార్యాలయం ఇంకోచోట ఉంటుంది. యజమాని ఒక్కరే అయినా స్థలాలు వేరు. ఆ స్థలాల మధ్య ఉన్న భూమి మాత్రం సంస్థది కాదు. అది పురపాలక సంఘానిదో, రైల్వేదో, పొరుగు రైతుదో అయి ఉంటుంది.

యంత్రభాగాల నమూనా చిత్రాలు, సరుకు నిల్వల లెక్కలు, నిఘా కెమెరాల దృశ్యాలు, యంత్రాల స్థితిని తెలిపే సంకేతాలు ఈ ఆవరణల మధ్య నిరంతరం రాకపోకలు సాగించాలి. ఆ మార్గం తెగిందంటే గిడ్డంగిలో సరుకు ఉన్నా లారీకి ఎక్కదు. నమూనా చిత్రం అందక యంత్రం ఖాళీగా నిలుస్తుంది. కాబట్టి ఏ మార్గం ఎంచుకోవాలన్నది సాంకేతిక నిపుణులకే పరిమితమైన ప్రశ్న కాదు. అది ఆ సంస్థలో పనిచేసేవారి రోజువారీ ఉత్పత్తికి సంబంధించినది.

గాలిలో కాంతిని పంపి రెండు స్థలాలను కలిపే ఏర్పాటును ఈ వ్యాసంలో ‘కాంతి లంకె’ అని వ్యవహరిస్తున్నాను. గది లోపల దీపాల వెలుగు ద్వారా సమాచారం పంపే లై-ఫై కూడా ఈ కుటుంబానికే చెందుతుంది. అయితే ఇక్కడి చర్చ భవనాల మధ్య బయట ఏర్పరిచే లంకెలకే పరిమితం.

2. చారిత్రక నేపథ్యం

వెలుగుతో కబురు పంపడం కొత్త విషయం కాదు. కొండమీద మంట వేసి హెచ్చరించడం అనేక సమాజాల్లో ఉన్నదే. దానిని ఒక వ్యవస్థగా మలచినవారిలో హెన్రీ మాన్స్ ఒకరు. ఆయన 1869లో రూపొందించిన హీలియోగ్రాఫ్ అద్దంతో సూర్యకాంతిని తళుక్కుమనిపిస్తూ సంకేతాలు పంపేది. బ్రిటిష్ సైన్యం దీనిని రెండవ అఫ్గాన్ యుద్ధంలో ఉపయోగించింది.

మనిషి గొంతును కాంతిమీద ఎక్కించిన ఘనత అలెగ్జాండర్ గ్రాహంబెల్‌కు, ఆయన సహాయకుడు చార్లెస్ సమ్నర్ టెయింటర్‌కు దక్కుతుంది. 1880లో వాషింగ్టన్ నగరంలో ఒక పాఠశాల పైకప్పు నుంచి 213 మీటర్ల దూరంలోని ప్రయోగశాలకు వారు మాటను పంపగలిగారు. మాట్లాడినప్పుడు పల్చని అద్దం కంపిస్తుంది. దానిపై పడి ప్రతిఫలించే సూర్యకాంతి తీవ్రత అందుకు అనుగుణంగా మారుతుంది. అవతల ఉన్న సెలీనియం ఆ మార్పును విద్యుత్ మార్పుగా తీసుకుంటుంది. ‘ఫోటోఫోన్’ అని పేరు పెట్టిన ఈ పరికరాన్ని బెల్ తన ఆవిష్కరణలన్నిటిలో గొప్పదిగా భావించాడు. కానీ మబ్బు పట్టినా మంచు కమ్మినా అది మూగబోయేది. అందువల్ల టెలిఫోన్‌కు దక్కిన వ్యాప్తి దానికి దక్కలేదు.

1960లో థియొడోర్ మైమన్ మొదటి లేజర్‌ను వెలిగించడం, 1970లో గది ఉష్ణోగ్రత వద్ద నిరంతరంగా పనిచేసే అర్ధవాహక లేజర్ సాధ్యపడడం ఈ ఆలోచనకు మళ్లీ ప్రాణం పోశాయి. ఇక సూర్యుడితో పనిలేదు. అయితే సూర్యుడి అవసరం తీరింది గాని, గాలితో ఉన్న తగవు తీరలేదు. బెల్‌ను ఇబ్బందిపెట్టిన పొగమంచే నేటి కాంతి లంకెకూ ప్రధాన శత్రువు.

3. కాంతి లంకె పనిచేసే తీరు

రెండు భవనాలమీద ఒకదానికొకటి ఎదురెదురుగా రెండు పరికరాలు ఉంటాయి. ప్రతి పరికరంలోనూ ఒక ప్రసారిణి, ఒక గ్రాహకం ఉంటాయి. ప్రసారిణిలోని లేజర్ సమాచారాన్ని అతివేగంగా వెలిగి తగ్గే కాంతి స్పందనలుగా మారుస్తుంది. కటకం ఆ కాంతిని సన్నని పుంజంగా చేసి అవతలికి పంపుతుంది. అవతలి గ్రాహకంలోని పెద్ద కటకం ఆ కాంతిలో తనమీద పడినంత మేరకు పోగుచేసి, చిన్న అర్ధవాహక శోధకంపై కేంద్రీకరిస్తుంది. శోధకం దానిని తిరిగి విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. రెండు వైపులా ఇదే జరుగుతుంది కాబట్టి ఏకకాలంలో పంపడం, అందుకోవడం సాధ్యమవుతాయి.

ఇక్కడ ఉపయోగించేది కంటికి కనబడని పరారుణ కాంతి. సాధారణంగా 850 లేదా 1550 నానోమీటర్ల సమీపంలోని తరంగదైర్ఘ్యాలను ఎంచుకుంటారు. ఈ ఎంపికలో నేత్రభద్రత కీలకం. 850 నానోమీటర్ల కాంతి కంటిలోనికి చొచ్చుకుపోయి రెటీనాపై కేంద్రీకృతమవుతుంది. కనబడని కాంతి కాబట్టి కన్ను తనంతట తాను మూసుకోదు. 1550 నానోమీటర్ల కాంతి కంటి ముందుభాగంలోనే చాలావరకు శోషణం చెందుతుంది. అందువల్ల భద్రతా ప్రమాణాలు ఈ రెండవ తరంగదైర్ఘ్యానికి ఎక్కువ శక్తిని అనుమతిస్తాయి.

4. నేలలో తంతువు ఉండగా గాలిలో కాంతి ఎందుకు?

తంతువు వేయగల చోట తంతువే మేలు. ఇందులో సందేహానికి తావు లేదు. 1550 నానోమీటర్ల కాంతి గాజు తంతువులో కిలోమీటరుకు 0.2 డెసిబెల్ మాత్రమే క్షీణిస్తుంది. ఎండావానలతో దానికి పనిలేదు. కానీ రోడ్డునో, రైలుపట్టాలనో, కాలువనో దాటి తవ్వాలంటే అనుమతులు కావాలి, సమయం కావాలి, ఖర్చు కావాలి. వేసిన తరువాత కూడా ఎవరో వేరే పనికి తవ్వుతూ దానిని తెంపే ప్రమాదం ఉంటుంది.

రేడియో తరంగాలతో నడిచే వైర్‌లెస్ లంకె మరో మార్గం. అనుమతి అవసరం లేని రేడియో పట్టీలలో రద్దీ ఎక్కువ. అనుమతి అవసరమైన పట్టీలకు రుసుము కట్టాలి. అంతర్జాతీయ నిబంధనలు రేడియో తరంగాల ఎగువ హద్దును 3000 గిగాహెర్ట్జ్‌గా నిర్వచించాయి. 1550 నానోమీటర్ల కాంతి పౌనఃపున్యం దాదాపు 1,93,000 గిగాహెర్ట్జ్. అంటే అది ఆ హద్దుకు ఎంతో ఎగువన ఉంది. అందువల్ల స్పెక్ట్రమ్ కేటాయింపు అనే మెట్టు ఇక్కడ ఉండదు. పుంజం సన్నగా ఉండడం వల్ల పక్కపక్కనే ఉన్న రెండు లంకెలు ఒకదానినొకటి చెరుపుకోవు. పెద్ద మోటార్లు, వెల్డింగ్ యంత్రాలు పుట్టించే విద్యుదయస్కాంత అలజడి కాంతిపుంజాన్ని తాకదు. కర్మాగారానికి ఈ చివరి గుణం ప్రత్యేకంగా పనికివస్తుంది.

5. గాలి విధించే హద్దులు

5.1 పొగమంచు: పొగమంచులోని నీటిబిందువులు కొన్ని మైక్రోమీటర్ల నుంచి కొన్ని పదుల మైక్రోమీటర్ల పరిమాణంలో ఉంటాయి. ఇవి పరారుణ కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరి పరిమాణాలు. పైగా వాటి సంఖ్య అపారం. అందువల్ల అవి కాంతిని నలుదిక్కులకూ పరిక్షేపణం చేస్తాయి. ఇక్కడ వాతావరణ శాస్త్రంలోని ‘దృశ్యత’ అనే భావన ఉపకరిస్తుంది. ఒక నల్లని వస్తువుకూ వెనుకనున్న ఆకాశానికీ మధ్య భేదం నూటికి రెండు వంతులకు పడిపోయే దూరమే దృశ్యత. నూటికి రెండు వంతులంటే డెసిబెల్ లెక్కలో 17. కాబట్టి దృశ్యత ఎంత దూరమైతే అంత దూరంలో కాంతి 17 డెసిబెల్ కోల్పోతుంది. దృశ్యత 50 మీటర్లకు పడిపోయిన దట్టమైన పొగమంచులో ఆ నష్టం కిలోమీటరుకు 340 డెసిబెల్. తంతువులోని 0.2తో దీనిని పోల్చి చూస్తే రెండు మార్గాల స్వభావం స్పష్టమవుతుంది.

5.2 వాన: వానచినుకు మిల్లీమీటర్ల పరిమాణంలో ఉంటుంది. చినుకుల సంఖ్య పొగమంచు బిందువుల సంఖ్యతో పోలిస్తే చాలా స్వల్పం. అందువల్ల జోరువాన కూడా కాంతికి కిలోమీటరుకు కొన్ని డెసిబెల్ నుంచి కొన్ని పదుల డెసిబెల్ వరకే నష్టం కలిగిస్తుంది. విశేషమేమంటే 70–80 గిగాహెర్ట్జ్ వంటి రేడియో తరంగాలకు ఇది తలకిందులు. వాటికి పొగమంచు లెక్కలోనికి రాదు, జడివాన మాత్రం పెద్ద దెబ్బ. ఒకటి తడబడే చోట రెండవది నిలబడుతుంది. ఈ పరస్పర పూరకత్వం ఆధారంగానే కాంతి, రేడియో రెండింటినీ జంటగా అమర్చే విధానం ఏర్పడింది.

5.3 మిణుకు: వేసవి మధ్యాహ్నం తారురోడ్డు మీద గాలి అలలుగా కదలడం మనకు అనుభవమే. వేడెక్కిన గాలి, చల్లని గాలి ముద్దలు ముద్దలుగా కలిసినప్పుడు వక్రీభవన గుణకం చోటుచోటుకూ మారుతుంది. ఎండమావిని చూపేదీ, నక్షత్రాలను మిణుకుమనిపించేదీ ఈ వక్రీభవనమే. కాంతిపుంజం కూడా ఇటువంటి గాలిలో మిణుకుతుంది. గ్రాహకానికి అందే శక్తి క్షణక్షణం హెచ్చుతగ్గులకు లోనవుతుంది. గ్రాహకపు కటకాన్ని పెద్దది చేయడం, ఒకే సమాచారాన్ని కొంచెం ఎడంగా ఉన్న రెండు మూడు పుంజాలతో పంపడం దీనికి విరుగుళ్లు. ఒక పుంజం మసకబారిన క్షణంలో మరొకటి వెలుగుతూ ఉంటుంది.

6. ఒక నమూనా లెక్క

ఈ అంశాలను కలిపి చూడడానికి ఊహాత్మకమైన ఉదాహరణ తీసుకుందాం. ప్రసారిణి 100 మిల్లీవాట్ల కాంతిని పంపుతుంది. గ్రాహకానికి కనీసం 1 మైక్రోవాట్ అందాలి. అంటే పంపినదానిలో లక్షవ వంతు అందినా చాలు. ప్రతి పదోవంతుకూ 10 డెసిబెల్ చొప్పున ఇది 50 డెసిబెల్ పెట్టుబడి. పుంజం ప్రతి మీటరు దూరానికి 2 మిల్లీమీటర్ల చొప్పున విప్పారుతుందనుకుందాం. గ్రాహకపు కటకం వ్యాసం 20 సెంటీమీటర్లు. పరికరాల లోపలి నష్టాలకు 10 డెసిబెల్ పక్కన పెడదాం.

దూరం 1 కిలోమీటరు అయితే పుంజం 2 మీటర్ల వెడల్పుకు విప్పారుతుంది. కటకానికి దక్కేది అందులో నూరోవంతు, అంటే 20 డెసిబెల్ నష్టం. 50లో 20, 10 పోగా వాతావరణానికి మిగిలేది 20 డెసిబెల్. దృశ్యకాంతి లెక్కనే తీసుకుంటే, దృశ్యత 850 మీటర్లకు తగ్గగానే ఈ మిగులు ఖర్చయిపోతుంది.

అదే పరికరాన్ని 300 మీటర్ల దూరానికి వాడితే పుంజం వెడల్పు 60 సెంటీమీటర్లే. కటకానికి తొమ్మిదోవంతు దక్కుతుంది. నష్టం దాదాపు 9.5 డెసిబెల్. మిగులు 30.5 డెసిబెల్. దృశ్యత దాదాపు 170 మీటర్లకు పడిపోయేదాకా లంకె నిలుస్తుంది. అంటే అవతలి భవనం కంటికి కనబడకుండా పోయిన తరువాత కూడా కొంతసేపు పనిచేస్తుంది.

దూరం మూడోవంతు కన్నా తగ్గినప్పుడు తట్టుకునే శక్తి అయిదు రెట్లయింది. పరికరం అదే, లేజర్ అదే. కాబట్టి అమ్మకందారు కాగితం మీద ‘గరిష్ఠ దూరం’ అని ఉన్న అంకెకు వాతావరణాన్ని చెప్పకుండా అర్థం లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో దట్టమైన పొగమంచు కప్పే గంగా మైదానంలోనూ, అటువంటి ఉదయాలు అరుదైన చోటా ఒకే పరికరం ఒకే దూరానికి పనికిరాదు.

7. కర్మాగారంలో అమరిక

మొదటి నియమం దృష్టిరేఖ. రెండు పరికరాల మధ్య ఏ అడ్డూ ఉండకూడదు. నేడు లేని అడ్డు రేపు రావచ్చు. పెరిగే చెట్టు, కట్టబోయే అంతస్తు, అప్పుడప్పుడు చేయి చాచే క్రేను వీటన్నిటినీ ముందే ఊహించాలి. పొగగొట్టం, శీతలీకరణ గోపురం విడిచే ఆవిరి గాలివాటున పుంజానికి అడ్డుపడితే అది కర్మాగారం తనకు తాను సృష్టించుకున్న పొగమంచే అవుతుంది. కాబట్టి ఆ ప్రాంతపు గాలి ఏ కాలంలో ఏ దిక్కుకు వీస్తుందో తెలుసుకోవాలి.

రెండవది స్థిరత్వం. పుంజం 2 మీటర్ల వెడల్పున ఉన్నప్పుడు పరికరం కొద్దిగా పక్కకు తిరిగినా పుంజం గ్రాహకాన్ని తప్పిపోతుంది. ప్రెస్సులు, కంప్రెసర్లు ఉన్న షెడ్డు కప్పు నిరంతరం కంపిస్తుంది. ఇనుప చట్రాలు ఎండకు వ్యాకోచించి రాత్రి సంకోచిస్తాయి. అందువల్ల పరికరాన్ని భవనపు గట్టి గోడకు, వీలైతే స్తంభం దగ్గర బిగించడం మంచిది. దూరం ఎక్కువైతే పుంజం దిశను తనంతట తాను సరిచేసుకునే పరికరాలు అవసరమవుతాయి.

మూడవది వేడి. రేకుల కప్పుకు ఆనుకుని పుంజం సాగితే మిణుకు పెరుగుతుంది. కప్పుకు ఎత్తుగా, అంచుకు దగ్గరగా అమర్చాలి. ఏసీల వేడిగాలి ముందునుంచి పుంజం పోకూడదు. నాలుగవది సూర్యుడు. తూర్పు పడమరలుగా సాగే లంకెలో సంవత్సరంలో కొన్ని రోజులు సూర్యోదయ, సూర్యాస్తమయ వేళల్లో సూర్యుడు సరిగ్గా గ్రాహకం ఎదుట నిలిచి కొన్ని నిమిషాలు దానిని కమ్మివేయగలడు. దిశను కొద్దిగా మార్చే వీలుంటే ఈ ఇబ్బంది తప్పుతుంది.

అద్దంపై దుమ్మును క్రమం తప్పకుండా తుడవడం, విద్యుత్తు పోయినా పరికరం ఆగకుండా యూపీఎస్ ఏర్పాటు చేయడం చిన్న పనులుగా కనిపిస్తాయి. సిమెంటు, నూలు మిల్లుల వంటి చోట్ల ఈ చిన్న పనులే లంకె ఆయువును నిర్ణయిస్తాయి. సన్నని పుంజాన్ని దొంగచాటుగా వినడం కష్టమే అయినా, సమాచారాన్ని గూఢలిపిలో పంపడం మానరాదు.

8. ‘లభ్యత’ అంకె వెనుక

ఒక లంకె 99.9 శాతం లభ్యమని చెబితే వినడానికి నిండుగా ఉంటుంది. సంవత్సరంలో 8,760 గంటలు. అందులో వెయ్యోవంతు అంటే దాదాపు 8 గంటల 45 నిమిషాలు. ఈ సమయం ఏడాది పొడవునా క్షణాలు క్షణాలుగా చెదిరి ఉంటే ఎవరికీ తెలియదు. పక్షి అడ్డుపడినప్పుడు పోయిన సమాచారం వెంటనే మళ్లీ పంపబడుతుంది. కానీ పొగమంచు అలా రాదు. ఆ గంటలన్నీ శీతాకాలంలో మూడు నాలుగు ఉదయాల్లో, సరిగ్గా పనివేళ మారే సమయంలో గుత్తంగా వచ్చి పడవచ్చు. సగటు అంకె ఒకటే. ఉత్పత్తికి కలిగే నష్టం మాత్రం ఒకటి కాదు.

అందువల్ల కాంతి లంకెను ఒంటరిగా నమ్ముకోవడం కన్నా తక్కువ వేగం గల రేడియో లంకెనో, అద్దె లైనునో తోడుగా ఉంచడం వివేకం. అప్పుడు ఏది ముందు పోవాలన్న ప్రాధాన్య క్రమం సంస్థ ముందుగానే నిర్ణయించుకోవాలి. యంత్రాల సంకేతాలు, సరుకు లెక్కలు తక్కువ వేగంలోనూ సాగాలి. నిఘా దృశ్యాలను అక్కడికక్కడే నిల్వచేసి తరువాత పంపవచ్చు. ఇక మనుషుల ప్రాణాలకు సంబంధించిన యంత్రనిరోధక వ్యవస్థ ఏ ఆవరణకు ఆ ఆవరణలోనే స్వతంత్రంగా పనిచేయాలి. గాలిలోని కాంతిమీద దానిని ఆధారపడనివ్వకూడదు.

9. రెండు నిదర్శనాలు

కాంగో నదికి ఇరువైపులా బ్రజవిల్, కిన్షాసా నగరాలు ఉన్నాయి. కంటికి ఎదురుగా కనిపించే ఈ రెండు నగరాల మధ్య తంతువు మాత్రం నదిని చుట్టి 400 కిలోమీటర్లకు పైగా ప్రయాణించవలసి వచ్చేది. అప్పట్లో ఆల్ఫాబెట్ సంస్థలో భాగంగా ఉన్న టారా ప్రాజెక్టు 4.8 కిలోమీటర్ల కాంతి లంకెతో నదిని దాటించింది. 20 రోజుల్లో దాదాపు 700 టెరాబైట్ల సమాచారం 99.9 శాతం లభ్యతతో ప్రసారమైందని ఆ సంస్థ 2021లో ప్రకటించింది. ఇది రెండు నగరాల విషయమే అయినా, రోడ్డుకు అటూ ఇటూ ఉన్న రెండు కర్మాగారాల సమస్యకు పెద్ద ప్రతిరూపం. దూరం కాదు, మధ్యనున్న అడ్డంకే అసలు ఖర్చు.

ఈ సాంకేతికతతో తెలుగునేలకూ సంబంధం ఉంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థకు 2,000 కాంతి లంకెలను అందించే ఒప్పందం 2017 డిసెంబరులో వెలువడింది. తంతువు చేరని చోట్లకు దాని కొసలను పొడిగించడం ఆ ఒప్పందం ఉద్దేశం. అంటే కాంతి లంకె తంతువుకు పోటీగా కాక, కొనసాగింపుగా మన ప్రాంతంలో పరిచయమైంది.

10. పరిభాష గురించి

ఈ విషయాన్ని తెలుగులో చెప్పేటప్పుడు మొదట తడబడేది ‘మంచు’ అనే మాట దగ్గర. తెల్లవారి గడ్డిమీది బిందువులు మంచే. హిమాలయాల మీద పేరుకున్నదీ మంచే. దారి కనబడకుండా కమ్మేదీ మంచే. వాడుకలో సందర్భం అర్థాన్ని కాపాడుతుంది. సాంకేతిక రచనలో ఆ రక్షణ చాలదు. మొదటిది లంకెకు అద్దం తుడిచే పని. మూడవది లంకెనే ఆపివేస్తుంది. కాబట్టి తుషారం, హిమం, పొగమంచు అన్న భేదాన్ని పాఠ్యరచనలో పాటించాలి.

అన్నింటికీ సంస్కృత సమాసాలే వెతకనవసరం లేదు. నక్షత్రాల విషయంలో మనకు అలవాటైన ‘మిణుకు’ ఇక్కడ యథాతథంగా సరిపోతుంది. పైగా ఆ మాటే కారణాన్ని కూడా స్ఫురింపజేస్తుంది. లేజర్, డెసిబెల్, ఫైబర్ వంటివి తెలుగులో స్థిరపడ్డాయి. వాటిని మార్చడం వల్ల ప్రయోజనం లేదు. పాలిటెక్నిక్, ఐటీఐలలో చదివి కర్మాగారాల్లో ఈ పరికరాలను బిగించేవారిలో తెలుగు మాధ్యమంలో చదివినవారు ఎందరో. పుంజాన్ని నేరుగా చూడరాదన్న హెచ్చరిక వారికి వారి భాషలో స్పష్టంగా అందడం అలంకారం కాదు, భద్రత.

11. ముగింపు

కాంతి లంకె తంతువుకు ప్రత్యామ్నాయం కాదు. తవ్వకం సాధ్యంకాని చోట, కొన్ని వందల మీటర్ల దూరంలో, ఎదురెదురుగా కనిపించే రెండు ఆవరణలకు అది త్వరగా సమకూరే వారధి. దూరం తగ్గేకొద్దీ అది అనేక రెట్లు దృఢమవుతుంది. దాని యోగ్యతను నిర్ణయించేది పరికరం వేగం కన్నా ఆ ఊరి శీతాకాలపు ఉదయాలే. కాబట్టి కొనుగోలు నిర్ణయానికి ముందు సంస్థ అడగవలసిన మొదటి ప్రశ్న, ‘ఏడాదిలో ఎన్ని రోజులు ఇక్కడి నుంచి అవతలి కప్పు కనబడదు?’ అన్నది. దీనికి జవాబు చెప్పగలిగినవాడు అమ్మకందారు కాదు. ఏళ్ల తరబడి రాత్రి కాపలా కాసి, తెల్లవారుజామున గేటు తీసే మనిషికి అది తెలుసు. వాతావరణ శాఖ దృశ్యత నమోదులతోపాటు అతని మాటనూ లెక్కలోనికి తీసుకోవాలి.